కడప రాయి మీద కత్తి పదునెక్కదు

మా వైపు ఎవరైనా "పదునైందా?" అని అడిగితే అది కత్తి గురించి కాదు, వాన గురించి. నేల విత్తనానికి పనికొచ్చేంత తడిస్తే పదునైంది అంటారు. "ఒక పదును వాన పడింది" అంటే తెల్లారి గొర్రు కట్టొచ్చని అర్థం. పాత కర్నూలు, కడప జిల్లాలు కలిసేచోట, కుందూ ఒడ్డు ఊళ్ళలో ఈ మాట ఏడాదికి ఎన్నిసార్లు వినపడుతుందో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా ఇంట్లో మాత్రం వానతో పనిలేకుండా రోజూ పొద్దున్నే వినపడేది. ఎందుకంటే మా నాయిన మంగలి.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. (ఆ మాటని తిట్టుగా వాడకూడదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. మంచిదే. నేను తిట్టుగా వాడట్లేదు. మా ఇంట్లో మేం మా పనిని, మా కత్తిని పిలుచుకునే పేరు అదే కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నా.) ఇంజినీరింగ్ హాస్టల్లో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అంటే "బిజినెస్" అనేవాణ్ణి. ఏం బిజినెస్ అని ఎవడైనా తవ్వితే "చిన్న షాపు" అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తగ్గారు గానీ జవాబు మాత్రం మారలేదు.

తర్వాత ఆన్‌సైటు వెళ్ళాను. అక్కడ మా టీంలో ఓ తెల్లాయన ఉండేవాడు. ఓ రోజు లంచ్‌లో అతను తన కొత్త హాబీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మడత కత్తితో గడ్డం గీసుకుంటాడట. జపాన్ నుంచి రాళ్ళు తెప్పించాడట. వెయ్యి నంబరు, మూడువేల నంబరు, ఎనిమిదివేల నంబరు! ఫోటోలు కూడా చూపించాడు. చుట్టూ ఉన్న మనవాళ్ళందరూ "వావ్, కూల్!" అన్నారు. ఆ ఫోటోలో ఉన్నది అచ్చం మా నాయిన కత్తే. నన్ను చూసి "మీ దేశంలో కూడా ఇవి వాడతారు కదా?" అన్నాడు. "ఏమో, నాకు తెలీదు" అన్నాను. మింగుతున్న శాండ్‌విచ్చి గొంతులో అడ్డం పడింది. అంత చక్కగా అబద్ధం చెప్పగలిగినందుకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సరే, అసలు విషయానికొస్తా.

2020లో ఉగాదికని నాలుగు రోజులు ముందే ఊరికొచ్చాను. ఉగాది మార్చి 25. లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. ఇంకేముంది, ఇరుక్కుపోయా. ఆఫీసువాళ్ళు ఇంటినుంచే పనిచెయ్యమన్నారు. మేడమీద ఒక మూల సెల్‌ఫోన్ సిగ్నల్ రెండు గీతలు వచ్చేది. అదే నా క్యూబికిల్. ఏప్రిల్ కల్లా రాష్ట్రంలో ఎక్కువ కేసులు మా కర్నూలు జిల్లాలోనే అని టీవీలో చెప్పడం మొదలుపెట్టారు. సెలూన్లన్నీ మూసేశారు.

నాయినకి అప్పటికే రెండేళ్ళుగా చేతులు వణుకు. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు ఒళ్ళోకి పోతాయి. ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే వారానికోసారి ఇంటికొచ్చి గడ్డం గీసిపోయేవాడు. లాక్‌డౌన్‌తో అతనూ ఆగిపోయాడు. ఊరందరికీ నలభై ఏళ్ళు గడ్డాలు గీసిన మనిషి మొహం నిండా తెల్లగడ్డంతో నులకమంచం మీద కూచుని, అరచేత్తో దవడలు తడుముకుంటూ ఉంటే చూడబుద్ధి కాలేదు. జిల్లెట్ రేజరు కొనొచ్చుగా అంటారా? కొన్నా. కిరాణా కొట్టు తెరిచే ఉంది. మూడు వారాల గడ్డానికి రెండు బ్లేళ్ళ రేజరు పెడితే వెంట్రుకలు ఇరుక్కుపోయి, ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "గీస్తాండావా, పీకుతాండావా?" అన్నాడు. సగం దవడ చేసి ఆపేశాను.

అప్పుడు గుర్తొచ్చింది పెట్టెలో ఉన్న కత్తి.

అమ్మనడిగి ట్రంకుపెట్టె దించాను. పాత పొది, అందులో కత్తి, తోలు పట్టీ, గుడ్డలో చుట్టిన ఓ నల్లటి రాయి, ఇత్తడి గిన్నె. కత్తి మీద సోలింగెన్ అని సగం అరిగిన అక్షరాలు. జర్మనీలో కత్తులకి పేరుపడ్డ ఊరది. మా జేజినాయన కాలంలో ఎవరో మద్రాసు నుంచి తెచ్చిచ్చారట. ఇరవై ఏళ్ళుగా మూతబడి ఉండడంతో అక్కడక్కడా తుప్పు చుక్కలు, కొసన నువ్వుగింజంత పెచ్చు. నాయినతో ఏం చెప్పలేదు. నేనే నూరేసి ఆయనకి సర్‌ప్రైజ్ ఇద్దామని! యూట్యూబులో రెండు వీడియోలు చూశాను (ఒక్కోటి గుండ్రం తిరిగి తిరిగి అరగంటకి తెరుచుకునేది). రాయి నున్నగా, చదునుగా ఉండాలి అన్నారు. నున్నటి చదును రాయికి మా ఊళ్ళో కొదవా? ఇంటినిండా కడప బండలే. అటకలు, గడపలు, వంటగది గట్టు, నీళ్ళ తొట్టి, అన్నీ అవే. అరుగు పక్కన మిగిలిపోయిన ఓ ముక్క తీసుకుని, నీళ్ళు చల్లి రుద్దడం మొదలుపెట్టాను.

మూడు రోజులు రుద్దాను. మధ్యలో స్టాండప్ మీటింగులు. కత్తి మెరిసింది గానీ చేతిమీద వెంట్రుక ఒక్కటి కూడా తెగలేదు.

మూడో రోజు సాయంత్రం నాయిన మంచమ్మీంచే అన్నాడు. "ఏం చేస్తాండావురా మూడు దినాల్నుంచి?"

"కత్తి నూరుతున్నా నాయినా."

"ఆ బండ మీద బట్టలుతుక్కోవచ్చు గానీ కత్తి పదునెక్కదు అబ్బీ."

ఆయనకి మొదటిరోజే తెలుసన్నమాట! నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు. నేనెందుకు అడగలేదో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

కడప రాయి ఎందుకు పనికిరాదో తర్వాత చదివితే అర్థమైంది. మన కడప బండ సున్నపురాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది కూడా ఈ సున్నపురాయి వల్లే. సున్నపురాయిలో ఉండే కాల్సైటు గట్టిదనం మోస్ కొలతలో 3. కత్తి ఉక్కుది ఆరు దగ్గర్లో. తనకంటే మెత్తటి రాయి ఉక్కుని ఏం కోస్తుంది? ఉక్కే రాయిని కోస్తుంది. మరి మా అమ్మ కత్తిపీటని గడప బండ మీద నాలుగుసార్లు రాసి వంకాయలు తరుగుతుంది కదా అంటే, రాతిలో అక్కడక్కడా ఉండే ఇసక కణాలు, పైన పడ్డ దుమ్ము ఆ పని చేస్తాయి. వంకాయకి ఆ మాత్రం చాలు, చెంపకి చాలదు. ఉక్కుని కొయ్యాలంటే క్వార్ట్జ్ కావాలి (అది 7), లేదంటే అంతకంటే గట్టిది. బెల్జియంలో ఆర్డెన్ కొండల దగ్గర దొరికే పసుప్పచ్చ నూరుడు రాయిలో గార్నెట్ కణాలుంటాయి. మన వడ్రంగులు వాడే కార్బొరండం మనుషులు తయారుచేసింది. అమెరికాలో ఎడ్వర్డ్ ఆచెసన్ అనే ఆయన 1890ల మొదట్లో ఇసకా బొగ్గూ కలిపి కరెంటు కొలిమిలో కాల్చి తీశాడు. మద్రాసులో 1954లో పెట్టిన కార్బొరండం యూనివర్సల్ కంపెనీ ఆ వస్తువు పేరునే పెట్టుకుంది.

అన్నట్టు మా ప్రాంతపు రాళ్ళ మీద విలియం కింగ్ అనే ఆయన 1872లోనే భారత భూగర్భ సర్వే తరఫున ఓ పెద్ద గ్రంథం అచ్చేశాడు. రాతి పొరలకి మా ఊళ్ళ పేర్లే ఉంటాయి: బనగానపల్లె క్వార్ట్‌జైటు, నార్జి సున్నపురాయి, ఔకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు.. చదువుతుంటే ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టుంటుంది. వజ్రాలు దొరికింది ఆ బనగానపల్లె పొరలోనే. ఇన్ని రాళ్ళ మధ్య పుట్టి, ఏ రాయి దేనికి పనికొస్తుందో తెలీకుండా జావా నేర్చుకున్నాను.

"మరి నీ రాయి ఏ రాయి?" అన్నాను. గుడ్డలో ఉన్న నల్లరాయి కూడా చూడ్డానికి కడప రాయిలాగే ఉంది మరి.

"పలకరా అది."

నాకు నమ్మకం కలగలేదు. ఇంజినీర్ని కదా, టెస్టింగ్ చెయ్యకుండా ఒప్పుకుంటానా? బాత్రూం కడిగే యాసిడ్ ఒక చుక్క కడప బండ మీద వేశాను. బుసబుసా పొంగింది. సున్నపురాయి అలాగే పొంగుతుంది. (ఇంట్లో కడప బండ గట్టు ఉన్నవాళ్ళు ఈ ప్రయోగం చెయ్యకండి, మచ్చ పోదు. మా అమ్మ ఇప్పటికీ చూపించి తిడుతుంది.) నాయిన రాయి అంచు మీద ఇంకో చుక్క వేశాను. ఏమీ కాలేదు. తుడిచేస్తే మరక కూడా లేదు. అది నిజంగానే పలక. మార్కాపురం పలక. మనం చిన్నప్పుడు బలపంతో అఆలు దిద్దామే, ఆ రాయే. జేజినాయన అటువైపు చుట్టాలింటికి పోయినప్పుడు గనిలోంచి మందంగా ఉన్న ముక్క ఒకటి ఏరుకొచ్చాడట. మార్కాపురం మాకు పరాయిదేం కాదు, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోదే. పలకరాయిలో అభ్రకంతోపాటు కంటికి కనపడనంత సన్నటి క్వార్ట్జ్ కణాలుంటాయి. జర్మనీలో, వేల్స్‌లో కూడా పేరున్న నూరుడు రాళ్ళు కొన్ని పలక జాతివే. నేను చదువుకుని ఈ పనిలోంచి బయటపడాలని నాయిన నాకు కొనిచ్చిందీ, ఆయన పొద్దున్నే కత్తి నూరుకుందీ ఒకే రాయి. ఆ సంగతి తట్టి కాసేపు యాసిడ్ సీసా పట్టుకుని అలాగే కూచున్నాను.

ఇక పాఠం మొదలైంది. గురువు మంచమ్మీద, శిష్యుడు కింద పీట మీద.

మొదట పెచ్చు తియ్యాలి. పలక చాలా సన్నది, దానిమీద పెచ్చు పోవాలంటే ఏడాది పడుతుంది. పక్కింటి వడ్రంగాయన కార్బొరండం రాయి అడిగి తెచ్చాను. అది మధ్యలో గుంట పడి పడవలా ఉంది. నాయిన చేత్తో తడిమి, "ముందు దీన్ని చదును చెయ్యి" అన్నాడు. ఎలా అంటే, నేను మూడు రోజులు రుద్దిన ఆ కడప బండ మీద కుందూ ఇసక పోసి, నీళ్ళు పోసి, దానిమీద కార్బొరండం రాయిని బోర్లించి గుండ్రంగా తిప్పడం. పెన్సిల్‌తో రాయిమీద గళ్ళు గీసి, గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. గంటన్నర పట్టింది, మోచేతులు దాటి బురద. కానీ రాయి చదునైంది. కడప బండ కత్తిని నూరదు గానీ, కత్తిని నూరే రాయిని సాపు చేస్తుందన్నమాట.

మడత కత్తి నూరడంలో కోణం ఎంత అని బెంగపడక్కర్లేదు. ఇది నన్ను నిజంగా ముగ్ధుణ్ణి చేసిన డిజైను. కత్తికి వెన్ను మందంగా ఉంటుంది, అంచు సన్నం. వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి లాగితే చాలు, కోణం దానంతటదే వస్తుంది. మా కత్తి వెడల్పు 16 మిల్లీమీటర్లు, వెన్ను మందం 4. లెక్కేస్తే సుమారు 14 డిగ్రీలు. నూరేకొద్దీ అంచూ అరుగుతుంది, వెన్నూ అరుగుతుంది, కాబట్టి కోణం పెద్దగా మారదు. మూడు తరాలు అరిగినా లోపలున్న లెక్క చెడకుండా చూసుకునే డిజైను! ప్రతి రిలీజుకీ ఏదోటి విరగ్గొట్టే నాలాంటివాడికి కుళ్ళు పుట్టింది. వెన్ను మీద అరిగిన పట్టీ ఎంత వెడల్పుంటే కత్తి అంత రాయి చూసిందని లెక్క. నేను కడప బండ మీద చూపించిన ప్రతాపానికి ఆ పట్టీ మీద కొత్త గీతలు పడ్డాయి. నాయిన ఎండలో పెట్టి చూసి, "వెన్ను గీరుకుపోయిందే" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

కత్తి తోకని రెండు వేళ్ళతో పట్టుకోవాలి. అంచు ముందుకి, రాతిమీంచి సన్నటి పొర కోసి తీస్తున్నట్టు, మడమ నుంచి కొస దాకా ఏటవాలుగా లాగాలి. చివర్న వెన్ను మీద దొర్లించి తిప్పాలి, అంచు మీద తిప్పితే చేసిందంతా గోవిందా. మళ్ళీ వెనక్కి. ఇవతల ఎన్ని లాగితే అవతలా అన్నే. ఇదంతా వీడియోల్లో కూడా ఉంది. వీడియోల్లో లేనిది ఏంటంటే..

"ఒత్తద్దు."

"ఒత్తట్లేదు నాయినా."

"ఒత్తుతాండావు. నాకు ఇనపడతాంది."

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు! చూడ్డం కాదు, వింటున్నాడు. ఒత్తితే గరగరమంటుంది, కొస లేస్తే చప్పుడు సన్నగా అవుతుంది, సరిగ్గా ఆనితే మొదట్నుంచి చివరిదాకా ఒకే శ్రుతి. (జేజినాయన పెళ్ళిళ్ళలో సన్నాయి కూడా వాయించేవాడు. మా వాళ్ళకి మేళం కూడా కులవృత్తే. ఆ చెవి ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది.) పెచ్చు పోయాక పలక మీదికి వచ్చాం. దాని జాతి చిన్న ముక్కతోనే రాతిని రుద్దితే బూడిదరంగు గంజి వస్తుంది. ఆ గంజి మీద కొన్ని లాగుళ్ళు, తర్వాత నాలుగు చుక్కల నీళ్ళు, మళ్ళీ కొన్ని, మళ్ళీ నీళ్ళు.. చివరికి ఉత్త నీళ్ళమీద. గంజి పలచబడేకొద్దీ కోత సన్నబడుతుంది. ఆ తెల్లాయన వెయ్యి నుంచి ఎనిమిదివేలకి మూడు రాళ్ళు మారుస్తాడు. అందులో వెయ్యి నంబరు కణం పది పదిహేను మైక్రాన్లుంటే, ఎనిమిదివేలది రెండు మైక్రాన్ల లోపే. మా నాయిన ఒకటే రాయి మీద నీళ్ళు మారుస్తాడు.

పలక మీద మొదటి రోజు చప్పుడు మారలేదు. రెండో రోజు మారింది. కత్తి రాయికి అతుక్కున్నట్టు, తడిగుడ్డని గచ్చుమీద లాగినట్టు అనిపించింది. "ఆఁ.. ఇప్పుడు ఆపు" అన్నాడు. నేను చెప్పకముందే.

"బొటనేలి గోరు తడిచేసుకుని దానిమీద పెట్టి లాగు. జారితే మొద్దు. టక్కున ఆగితే పెచ్చు. మెత్తగా దిగబడతా పోతే అదీ పదును."

దిగబడుతూ పోయింది. ఒళ్ళు జలదరించింది.

ఈ నూరుడు మధ్యలోనే ఒక కాల్‌లో మ్యూట్ చెయ్యడం మర్చిపోయాను. "ఆ శబ్దం ఏంటి?" అన్నాడు మా డామేజరు. కత్తి నూరుతున్నా అన్నాను. విషయం చెప్తే "ఇంట్రెస్టింగ్ హాబీ!" అన్నాడు. ఇంకో ఇద్దరు కూడా వావ్ అన్నారు. అప్పుడు ఏమైందో గానీ, "హాబీ కాదండీ, మా నాన్న బార్బర్. ఇది ఆయన కత్తి" అనేశాను. అటువైపు నిశ్శబ్దం. అబ్బ, ఇరవై ఏళ్ళ తర్వాత చెప్పేశాను కదా అని గుండె దడదడలాడుతుంటే చూశాను.. స్క్రీన్ మీద చక్రం తిరుగుతోంది. నెట్ పోయింది. వాళ్ళకి వినపడిందో లేదో ఇప్పటికీ తెలీదు. తర్వాత ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. రెండోసారి చెప్పే ధైర్యం ఆ రోజుకి మిగల్లేదు.

తోలుపట్టీ ఎనుము తోలుది. ఎండి పగుళ్ళిచ్చింది. కొబ్బరినూనె రాసి రెండు రోజులు మెత్తబరిచి, గుమ్మానికి కట్టి లాగాను. రాతిమీద అంచు ముందు, తోలు మీద వెన్ను ముందు. ఇక్కడ పొరబడితే తోలూ తెగుతుంది, అంచూ పోతుంది. ఒకసారి పొరబడ్డాను, తోలు మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది.

ఇంతకీ ఈ కత్తి పెట్టెలోకి ఎందుకు పోయింది? మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట కనుక్కున్నది 1986లో, మద్రాసులో, డాక్టర్ సునీతి సోలమన్ ఆధ్వర్యంలో. ఆ భయం మా ఊరిదాకా రావడానికి పదేళ్ళు పట్టింది. (2000ల మొదట్లో గోడలమీద పులిరాజా గుర్తున్నాడు కదా?) మంగలి దగ్గర కొత్త బ్లేడు వెయ్యమని అడగండి అని రేడియోలో చెప్పడం మొదలుపెట్టారు. ఓ రోజు నాయిన గడ్డానికి నురగ పూశాక ఒకాయన చెయ్యి అడ్డంపెట్టి, "అందరికీ గీసిన కత్తి నాకొద్దు" అన్నాడు. నేను అక్కడే బెంచీ మీద కూచుని ఉన్నాను. నాయిన మారుమాట్లాడకుండా ఆ కత్తి మూసి, మర్నాడే ప్రొద్దుటూరు పోయి సగం బ్లేడు పెట్టే పిడి తెచ్చుకున్నాడు. సెవెనోక్లాక్ బ్లేడు కాగితంతో సహా మధ్యకి విరిచి, ఒక మనిషికి ఒక సగం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ మార్పు సరైనదే. హెపటైటిస్ బి లాంటివి కూడా రక్తం అంటిన కత్తి ద్వారా పాకుతాయి. పాతరోజుల కత్తే గొప్పది, మళ్ళీ సెలూన్లలో అదే రావాలి అనే వాదన ఎవరైనా చేస్తే నేను ఒప్పుకోను. కానీ ఆ రోజు బెంచీ మీద నాకు కనపడింది ఆరోగ్యం కాదు. నాయిన పొద్దున్నే గంటసేపు కళ్ళు మూసుకుని వినే ఆ చప్పుడు ఇంట్లోంచి పోయింది. దాని బదులు రూపాయి బ్లేడు వచ్చింది. పనిలో ఆయనకున్న విద్యంతా సగానికి విరిచి చెత్తబుట్టలో వేసినట్టయింది. ఎవరూ క్షమించండి అనలేదు, అనాలని ఎవరికీ తట్టలేదు కూడా.

అదే ఏడాది ఆగస్టులో సైన్స్ పత్రికలో ఎం.ఐ.టి. వాళ్ళ పేపరు ఒకటి వచ్చింది. వెంట్రుక ఉక్కుకంటే 50 రెట్లు మెత్తన, అయినా బ్లేడు ఎందుకు మొద్దుబారుతుంది అని రోషోలి, టాసన్ మొదలైనవాళ్ళు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వెంట్రుకలు కోస్తూ చూశారు. అంచు నెమ్మదిగా అరిగి గుండ్రబడడం కాదట, పెచ్చులూడుతుందట. వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపల నిర్మాణం ఒకేలా లేనిచోట చిన్న పెచ్చు లేస్తుంది. ఇది నాయినకి తెలుగులో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అందుకే కదరా వేన్నీళ్ళతో నానబెట్టి, తోలు ఇగ్గి పట్టుకునేది. ఎంటిక వంగకుండా" అన్నాడు.

మళ్ళీ వెనక్కి, మే నెలకి వస్తా. గడ్డానికి నలభయ్యో రోజు. పొద్దున్నే వేపచెట్టు కింద కుర్చీ వేశాను. వేన్నీళ్ళ గుడ్డ రెండుసార్లు వేశాను. సబ్బు నురగ పూశాను. చెయ్యి వణికింది. ఆయనది కాదు, నాది. ఆయన చేతులు ఒళ్ళో వణుకుతూనే ఉన్నాయి గానీ మొహం రాయిలా కదలకుండా పెట్టాడు. చెవి కింద కత్తి ఆనించి, ఎడమచేత్తో చెంప పైకి ఇగ్గి పట్టి, లాగాను. సన్నటి చప్పుడు, ఎండుగడ్డి మీద ఎవరో నడిచినట్టు. తెల్లటి నురగతో పాటు గడ్డం కత్తిమీదికి వచ్చింది, కింద చర్మం బయటపడింది. కుడి చెంప ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన మూడు నిమిషాల్లో చేసేవాడు. ఎడమవైపు దవడ మలుపులో చిన్న గాటు పడింది. పటిక అద్దాను. ఆయన ఉలిక్కిపడలేదు.

అప్పుడే పెద్దింటాయన కర్ర పొడుచుకుంటూ అటువైపు వచ్చాడు. ఆయన గడ్డమూ నెలన్నరది. మూతికి తువ్వాలు కట్టుకుని దూరంగానే నిలబడ్డాడు. కాసేపు చూసి, "ఏమబ్బీ, కంప్యూటర్ పని పోయి మీ నాయిన పనికొచ్చినావా?" అని నవ్వి, "చెయ్యి బాగానే తిరుగుతాంది. నాకూ గీస్తావా?" అన్నాడు. ఎగతాళో, నిజంగా అడిగాడో తెలీలేదు. రెండూ అయ్యుండొచ్చు. నాకు మాట రాలేదు. సరే అనాలనీ ఉంది, కత్తి విసిరికొట్టాలనీ ఉంది. ఒకప్పుడు నురగ మీద చెయ్యి అడ్డంపెట్టింది ఆయనే.

నాయిన కళ్ళు తెరవకుండానే అన్నాడు. "ఇది ఒక్క మనిషి కత్తి సామీ. అందరికీ గీయగూడదు. రోగాల కాలం."

పెద్దాయన "అదీ నిజమేలే" అని కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.

నేను మిగిలిన మీసం కింద భాగం పూర్తిచేసి, మొహం తుడిచి అద్దం ఇచ్చాను. ఆయన అద్దం చూసుకోలేదు. వణికే అరచెయ్యి రెండు చెంపల మీదా నెమ్మదిగా తిప్పుకున్నాడు. కుడివైపు ఒకసారి, ఎడమవైపు రెండుసార్లు.

"ఎడమ పక్క పీకింది. రాయి మీద అటుపక్క ఎక్కువ ఒత్తినావు. రేపు మళ్లా నూరు."